తేనెటీగల చావుకు కారణం నల్లి పురుగా, వైరసా, పురుగుమందా?

2025 మొదట్లో అమెరికాలో తేనెటీగలు పెంచేవాళ్లు కాలిఫోర్నియా బాదం తోటలకు పరాగసంపర్కం కోసం పెట్టెలు తరలించే ముందు మూతలు తీసి చూసుకున్నారు. చాలా పెట్టెల్లో ఈగలు లేవు. ప్రాజెక్ట్ ఏపిస్ ఎం అనే సంస్థ చేయించిన సర్వే ప్రకారం, వాణిజ్య స్థాయిలో పెంచేవాళ్లు 2024 జూన్‌కూ 2025 మార్చికీ మధ్య సగటున 62 శాతం పెట్టెలు పోగొట్టుకున్నారు. వార్త బయటికి రాగానే పాత వాదన మళ్లీ మొదలైంది. పురుగుమందుల కంపెనీలే చంపాయని ఒక వర్గం, అదేం కాదు, ఒంటికి పట్టే నల్లి చంపిందని ఇంకో వర్గం. మన దగ్గర వాట్సాప్‌లో సెల్ టవర్లను కూడా ఈ జాబితాలో చేర్చారు.

పరిశోధనలు చెబుతున్నది ఈ రెండు వాదాల కంటే చిక్కుగా ఉంటుంది. "తిలాపాపం తలా పిడికెడు" అని తేల్చేయడం కూడా సరి కాదు. ఏ జాతి ఈగ, ఏ ఊరు, ఏ కాలం అన్నదాన్ని బట్టి ఎవరి పిడికిట్లో ఎంత పాపం ఉందో మారిపోతుంది. అందుకే మొదటి నుంచీ వద్దాం.

పెట్టెలు చనిపోవడం వేరు, ఈగలు అంతరించడం వేరు

ఒక పెంపకందారుకు 100 పెట్టెలు ఉన్నాయనుకుందాం. చలికాలంలో 40 పోయాయి, 60 మిగిలాయి. వసంతం రాగానే బలంగా ఉన్న 40 పెట్టెలను ఒక్కోదాన్ని రెండుగా విడదీసి, తల్లి లేని భాగాలకు కొత్త రాణి ఈగల్ని ఇచ్చాడు. ఇప్పుడు మళ్లీ 100 ఉన్నాయి. సర్కారు లెక్కలో ఏమీ తగ్గలేదు, నష్టాల సర్వేలో మాత్రం 40 శాతం పోయాయి. రెండూ నిజమే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల్లో ప్రపంచంలో పెంపుడు తేనెటీగల పెట్టెలు 1961తో పోలిస్తే దాదాపు రెట్టింపయ్యాయి. కాబట్టి పెంపుడు తేనెటీగ అంతరించిపోతోందన్న మాట తప్పు. దాన్ని నిలబెట్టుకోవడానికి ఏటా పడుతున్న ఖర్చు, శ్రమ పెరిగిపోతున్నాయన్నది ఒప్పు. పెట్టెల్లో ఉండని అడవి ఈగల సంగతి ఈ లెక్కల్లోకి రానే రాదు.

ఇంకో మాట కూడా తరచూ కలగాపులగం అవుతుంది. 2006 నవంబరులో పెన్సిల్వేనియాకు చెందిన డేవ్ హాకెన్‌బర్గ్ ఫ్లోరిడాలో ఉంచిన తన పెట్టెల్ని తెరిచి చూస్తే పెద్ద ఈగలు మాయమయ్యాయి. రాణి ఉంది, పిల్ల (గుడ్లు, పిల్లపురుగులు) ఉంది, తేనె ఉంది. చుట్టుపక్కల ఈగల శవాలు మాత్రం లేవు. దీనికి కాలనీ కొలాప్స్ డిజార్డర్ అని పేరు పెట్టారు. కాలనీ అంటే ఒక పెట్టెలోని ఈగల కుటుంబం, అది కుప్పకూలడమన్నమాట. ఇది ఒక ప్రత్యేకమైన లక్షణాల గుంపు మాత్రమే. ఆ తర్వాతి సంవత్సరాల్లో జరిగిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ తీరులో లేవు. 2007లో ఇజ్రాయెలీ అక్యూట్ పెరాలిసిస్ వైరస్‌ను దీనికి ముడిపెట్టారు. 2009లో వచ్చిన అధ్యయనంలో 61 అంశాలను కొలిచి చూస్తే ఏ ఒక్కటీ విడిగా కారణమని తేలలేదు. కుప్పకూలిన కాలనీల్లో మాత్రం ఎక్కువ రకాల రోగకారకాలు కలిసి కనిపించాయి.

వరోవా నల్లి ఏం చేస్తుంది

మిరప రైతుకు ఎర్రనల్లి ఎలాగో తేనెటీగల పెంపకందారుకు వరోవా అలాగ. గోధుమ ఎరుపు రంగులో, మిల్లీమీటరు పొడవు, మిల్లీమీటరున్నర వెడల్పు ఉండే ఈ పురుగు ఈగ ఒంటి మీద ఉందంటే మనిషి పొట్టకు అన్నం కంచమంత జలగ పట్టినట్టు. దీని అసలు ఇల్లు మన ఆసియా ఈగ ఏపిస్ సెరానా. తేనె దిగుబడి కోసం యూరప్ ఈగ ఏపిస్ మెల్లిఫెరాను ఆసియాకు తెచ్చి పక్కపక్కన పెంచడంతో నల్లి కొత్త ఈగ మీదికి దూకింది. అమెరికాలో 1987లో, న్యూజిలాండ్‌లో 2000లో కనబడింది. పెద్ద తేనె దేశాల్లో చివరిదాకా తప్పించుకున్న ఆస్ట్రేలియాలో 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర దొరికింది. అక్కడి ప్రభుత్వం వేల పెట్టెల్ని నాశనం చేయించి కూడా ఆపలేక, 2023 సెప్టెంబరులో నిర్మూలన ప్రయత్నాన్ని వదిలేసింది.

నల్లి పిల్లలు పెట్టేది మూతవేసిన గదిలోనే. శ్రామిక ఈగలు పిల్లపురుగు ఉన్న గదికి మైనం మూత వేసే ముందు తల్లి నల్లి లోపలికి జారుకుంటుంది. మూత పడిన దాదాపు మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది, అది మగది. తర్వాత సుమారు 30 గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు పెడుతుంది. శ్రామిక ఈగ గది 12 రోజులు మూసి ఉంటుంది, పోతుటీగ గది ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ. ఆ తేడా చాలు. శ్రామిక గదిలో ఎదిగి బయటపడేవి ఒకటి రెండు కూతుళ్లయితే, పోతుటీగ గదిలో రెండుకు పైనే.

లెక్క వేసి చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. పిల్ల ఉన్నంత కాలం నల్లుల సంఖ్య సుమారు నెలకోసారి రెట్టింపవుతుందనుకుంటే, పెట్టెలో 50 ఉన్నవి ఆరు నెలలకు 3,200 అవుతాయి. వాటిలో చాలా భాగం మూతల కింద దాక్కుంటాయి కాబట్టి ఈగల మీద పదీ ఇరవై కనబడేదాకా పెంపకందారుకు అనుమానం రాదు. అందుకే పైపైన చూడరు. అర కప్పు ఈగల్ని, అంటే దాదాపు 300, సీసాలో వేసి పొడి చక్కెర చల్లి కుదిపి, జల్లెడ గుండా రాలిన నల్లుల్ని లెక్కపెడతారు. తొమ్మిది రాలితే వందకు మూడన్నమాట. ఆ అంకె దాటితే కాలనీకి ముప్పని చాలా చోట్ల లెక్క.

నల్లి ఈగ నెత్తురు తాగుతుందనే 2019 దాకా పుస్తకాల్లో రాశారు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ రామ్సే బృందం ఈగల నెత్తురుకు పసుపు రంగు, కొవ్వు కణజాలానికి ఎరుపు రంగు వెలిగేలా అద్దకం వేసి వాటి మీద నల్లుల్ని వదిలింది. సూక్ష్మదర్శినిలో నల్లుల పేగులు ఎర్రగా వెలిగాయి. అంటే పెద్ద ఈగల మీద అవి తింటున్నది ప్రధానంగా కొవ్వు కణజాలం. మనలో కాలేయం చేసే పనులు చాలావరకు ఈగలో ఇదే చేస్తుంది. విషాన్ని విరిచేదీ ఇదే, రోగనిరోధక శక్తికి ఆధారమూ ఇదే. ఈ ఒక్క సంగతి తర్వాత వచ్చే చర్చకంతటికీ కీలకం, గుర్తుంచుకోండి.

నల్లి కంటే అది మోసుకొచ్చే వైరస్ ప్రమాదం

రెక్కలు ముడుచుకుపోయే జబ్బు కలిగించే వైరస్ ఈగల్లో ముందు నుంచీ ఉంది. ఒంటికి ఏ హానీ తెలియకుండా తక్కువ స్థాయిలో ఉండేది. హవాయి దీవుల్లో కొన్నింటికి వరోవా 2007, 2008ల్లో చేరింది, కొన్నింటికి చేరలేదు. ప్రకృతే ప్రయోగం పెట్టినట్టయింది. నల్లి రాని చోట దాదాపు 10 శాతం కాలనీల్లో ఉన్న ఈ వైరస్, నల్లి వచ్చిన చోట నూరు శాతానికి చేరిందనీ, అనేక రకాలుగా ఉన్నది ఒకే రకంగా మారి మిగతావాటిని తొక్కేసిందనీ 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది.

2025 నష్టాల మీద అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఆ ఏడాది జూన్‌లో వెల్లడించిన ఫలితాలు కూడా ఈ దారిలోనే ఉన్నాయి. కూలిపోతున్న కాలనీల్లో రెక్కల వైరస్ రెండు రకాలూ, పక్షవాతం తెచ్చే మరో వైరసూ ఎక్కువ మోతాదులో కనిపించాయి. వాళ్లు పరీక్షించిన నల్లుల్లో, నల్లిని చంపే అమిట్రాజ్ మందును తట్టుకునే జన్యు గుర్తు ఉంది. అమిట్రాజ్ అక్కడి పెంపకందార్లకు ప్రధానమైన అండ. అంతకుముందు వాడిన నల్లి మందులు ఫ్లువాలినేట్, కూమాఫాస్ కూడా ఇలాగే పనిచేయడం మానేశాయి.

పురుగుమందు లెక్క: చంపే మోతాదు, చంపని మోతాదు

పురుగుమందుల చర్చంతా నియోనికోటినాయిడ్ల చుట్టూ తిరుగుతుంది. మన రైతు పత్తికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ ఈ జాతివే. ఇవి మొక్క అంతటా పాకుతాయి. విత్తనశుద్ధి చేస్తే వేరు నుంచి ఆకుకూ, ఆకు నుంచి పువ్వుకూ, పుప్పొడికీ, మకరందానికీ చేరతాయి. ఈగకు అందేది అలాగే.

ఎంత అందుతుంది? ఒక ఉదాహరణ. ఇమిడాక్లోప్రిడ్ తాగించినప్పుడు వందకు యాభై ఈగలు చనిపోయే మోతాదు ఈగకు సుమారు 3.7 నానోగ్రాములని ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్క. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. మకరందంలో గ్రాముకు 2 నానోగ్రాములున్నాయనుకుందాం. తీరికలేకుండా తిరిగే ఈగ రోజుకు 320 మిల్లీగ్రాముల మకరందం ఖర్చు చేస్తే దాని ఒంట్లోకి వెళ్లేది 0.64 నానోగ్రాములు. చంపే మోతాదులో దాదాపు ఆరో వంతు. ఒక్క రోజులో చావదు. కంపెనీలు ఇక్కడ ఆగిపోతాయి.

ప్రశ్న అసలు ఇక్కడే మొదలవుతుందని నాకనిపిస్తుంది. చావని ఈగ ఇంటికి చేరుతుందా? 2012లో ఫ్రాన్స్‌లో మికాయెల్ ఆన్రీ బృందం ఈగల వీపులకు చిన్న రేడియో చీటీలు అతికించి, 1.34 నానోగ్రాముల థయామెథాక్సామ్ ఉన్న చక్కెర నీళ్లు తాగించి దూరంగా వదిలింది. కొన్ని పెట్టెకు తిరిగి రాలేదు. దారి తప్పి చచ్చే ఈగలు, పరిస్థితిని బట్టి, 10 నుంచి 32 శాతం దాకా ఉంటాయని తేల్చారు. విమర్శకుల మాటలోనూ బలముంది. రోజంతా కొంచెం కొంచెంగా అందే మందును ఒకే గుక్కలో తాగించారనీ, కాలనీ కొత్త ఈగల్ని పుట్టించే వేగాన్ని తక్కువగా లెక్కగట్టారనీ వాళ్లన్నారు. మోతాదు ఎంత అన్నదానితో పాటు ఎంతసేపట్లో అన్నదీ ఈ రంగంలో ఎప్పటికీ తెగని తగువు.

మందు తప్పు ఏ సందేహమూ లేకుండా తేలిన సందర్భాలూ ఉన్నాయి. 2008 వసంతంలో జర్మనీ రైన్ లోయలో మొక్కజొన్న విత్తనాలకు పట్టించిన క్లోథియానిడిన్ అనే నియోనికోటినాయిడ్ సరిగా అంటుకోలేదు. గాలి ఒత్తిడితో విత్తే యంత్రాలు ఆ పొడిని పక్క పొలాల పూల మీదికి ఊదేశాయి. 11,000కు పైగా కాలనీలు దెబ్బతిన్నాయి. అక్కడ నల్లి మీదికి నెట్టడానికి ఎవరికీ వీల్లేకపోయింది.

ఒకే ప్రయోగం, మూడు దేశాలు, మూడు జవాబులు

పొలంలో చేసిన పెద్ద పరీక్షలు ఎందుకు ఒక మాట మీద నిలవవో తెలియాలంటే 2017లో బెన్ వుడ్‌కాక్ బృందం ప్రచురించిన ప్రయోగం చూడాలి. బ్రిటన్, జర్మనీ, హంగరీల్లో 33 చోట్ల మందు పట్టించిన రేప్‌సీడ్ (ఆవ జాతి నూనెగింజ) పంట, పట్టించని పంట పక్కన తేనెటీగల కాలనీలు ఉంచారు. హంగరీలో క్లోథియానిడిన్ ఉన్న చోట మరుసటి వసంతానికి శ్రామిక ఈగలు 24 శాతం తగ్గాయి. బ్రిటన్‌లోనూ చెడు ఫలితాలే కనిపించాయి. జర్మనీలో మాత్రం హాని కనబడలేదు, కొన్ని కొలతల్లో మెరుగ్గా కూడా ఉన్నాయి. ప్రయోగానికి డబ్బులో కొంత ఇచ్చిన మందుల కంపెనీలు ఆ ఫలితాల వ్యాఖ్యానంతో విభేదించాయి.

తేడాకు పరిశోధకులు సూచించిన కారణం సూటిగా ఉంది. జర్మనీ కాలనీల చుట్టూ వేరే పూలు ఎక్కువ, రోగాలు తక్కువ. తిండి బాగుంటే అదే విషం అంత దెబ్బ కొట్టలేదు. 2015లో స్వీడన్‌లో మాయ్ రుండ్‌లోఫ్ బృందం చూసింది ఇంకో కోణం. అక్కడ క్లోథియానిడిన్ ఉన్న పొలాల్లో ఒంటరిగా గూడు కట్టే అడవి ఈగలు, బొంత తేనెటీగలు (బంబుల్‌బీలు) తగ్గాయి గానీ పెంపుడు తేనెటీగల కాలనీల్లో తేడా పట్టుబడలేదు. వేల ఈగలున్న కాలనీ కొన్ని వందల్ని పోగొట్టుకుని తట్టుకుంటుంది, ఒక్కతే గూడు కట్టే తల్లి ఈగ చస్తే దాని వంశమే పోతుంది. తేనెటీగ బాగానే ఉంది కాబట్టి మందు మంచిదే అన్న వాదం ఇక్కడ నిలవదు.

యూరోపియన్ యూనియన్ 2013లో ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్‌లను పూత పంటల్లో ఆపి, 2018లో ఆరుబయట వాడకం పూర్తిగా నిషేధించింది. నిషేధాన్ని తప్పుపట్టినవాళ్ల మాటల్లో గట్టిది ఒకటుంది. విత్తనశుద్ధి ఆగిపోయాక బ్రిటన్‌లో రేప్‌సీడ్ రైతులు పంట పోగొట్టుకుని, పైరిథ్రాయిడ్ మందుల్ని పైనుంచి కొట్టడం పెంచారు. నిషేధాన్ని సమర్థించేవాళ్లు చెప్పేదీ గట్టిదే. విత్తనానికి పట్టించిన ఇమిడాక్లోప్రిడ్‌లో మొక్కలోకి వెళ్లేది పంటను బట్టి 1.6 నుంచి 20 శాతమే, మిగతాది మట్టిలో, నీళ్లలో కలుస్తుంది. నా దృష్టిలో రెండో వాదమే బరువైనది, కానీ మొదటిదాన్ని కొట్టిపారేసే అర్హత పొలంలో పంట పోగొట్టుకోని మనకు లేదు.

రెండూ ఒకేసారి తగిలితే

నల్లి కొవ్వు కణజాలాన్ని తింటుందని పైన చెప్పుకున్నాం. విషాన్ని విరిచే ఆ కణజాలమే దెబ్బతిన్న ఈగకు అదే మోతాదు మందు ఇంకా గట్టిగా తగలడం సహజం. గోరుచుట్టుపై రోకలిపోటు అన్నమాట. ఇది ఎదురు దారిలోనూ నడుస్తుంది. క్లోథియానిడిన్ ఈగ రోగనిరోధక సంకేతాలను అణచి రెక్కల వైరస్ పెరిగేలా చేస్తుందని 2013లో ఇటలీ పరిశోధకులు చూపించారు. ఇమిడాక్లోప్రిడ్‌కు గురైన కాలనీల ఈగల్లో నోసీమా అనే పేగుల పరాన్నజీవి ఎక్కువగా పెరిగిందని 2012లో అమెరికాలో జెఫ్ పెట్టిస్ బృందం రాసింది. అంటే చచ్చిన ఈగలో వైరస్ దొరికినంత మాత్రాన మందు నిర్దోషి కాదు, మందు దొరికినంత మాత్రాన నల్లి నిర్దోషి కాదు.

తెగులు మందుల సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. శిలీంధ్రాలను చంపే మందు ఈగకు ఏం చేస్తుందిలే అని పూత మీద కూడా కొడతారు. కానీ ఆ మందుల్లో ఒక వర్గం ఈగ ఒంట్లో విషాన్ని విరిచే ఎంజైముల్ని అడ్డుకుంటుంది. ట్రైఫ్లుమిజోల్ అనే తెగులు మందు కలిపినప్పుడు థయాక్లోప్రిడ్ అనే పురుగుమందు విషం తేనెటీగకు వెయ్యి రెట్లకు పైగా పెరిగిందని 2004లో ప్రయోగశాలలో తేలింది. పొలంలో ఆ మోతాదులు కలవకపోవచ్చు. మన దగ్గర మిరపకూ వరికీ వాడే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ పనిచేసే పద్ధతీ అదే. ఒకే ట్యాంకులో పురుగుమందూ తెగులు మందూ కలిపి కొట్టే అలవాటు మనకు బాగా ఉంది.

అన్నిటికంటే నన్ను ఆపేసిన లెక్క పెట్టె లోపలిది. 2010లో క్రిస్ మలిన్ బృందం ఉత్తర అమెరికా పెట్టెల మైనాన్ని పరీక్షిస్తే 98 శాతం నమూనాల్లో ఫ్లువాలినేట్, కూమాఫాస్ దొరికాయి. ఇవి రైతు పొలం నుంచి వచ్చినవి కావు, నల్లిని చంపడానికి పెంపకందారే పెట్టినవి. ఆ మైనం గదుల్లోనే తర్వాతి తరాల పిల్ల పెరుగుతుంది. నల్లి, మందు అని విడదీసి వాదించుకునేవాళ్లు ఈ మైనం ముక్క దగ్గర ఆగి చూడాలి.

సెల్ టవర్ల మాట ఎక్కడి నుంచి వచ్చింది

జర్మనీలోని లాండావ్ విశ్వవిద్యాలయంలో కార్డ్‌లెస్ ఫోన్ల బేస్‌లను పెట్టెల్లో ఉంచి చిన్న ప్రయోగం చేశారు. 2007లో ఒక బ్రిటిష్ పత్రిక దాన్ని మొబైల్ ఫోన్లకూ, అమెరికా నష్టాలకూ ముడిపెట్టింది. పరిశోధకులే ఆ ముడి తమది కాదన్నారు. మాట మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది.

మన ఈగలకు అమెరికా జవాబు సరిపోదు

ఇంతదాకా చెప్పినదంతా ఎక్కువగా యూరప్ ఈగ గురించి. మన దేశానికి దాన్ని 1960ల్లో హిమాచల్ కాంగ్డా ప్రాంతంలోని నగ్రోటాలో నిలదొక్కుకునేలా చేశారు. ఇవాళ వాణిజ్యంగా పెంచే ఇటాలియన్ ఈగలు అవే. వాటికి వరోవాతో పాటు ట్రోపిలేలాప్స్ అనే ఇంకో నల్లి కూడా పడుతుంది. అది మన కొండ తేనెటీగ ఏపిస్ డోర్సాటా మీద నుంచి వచ్చింది. పిల్ల లేకపోతే ఎక్కువ రోజులు బతకలేదు. డోర్సాటా పట్టును వదిలి కాలం మారినప్పుడల్లా వలసపోతుంది కాబట్టి నల్లి వంశం మధ్యలో తెగిపోతుంది. దక్షిణాదిలో దాదాపు ఏడాది పొడవునా పిల్ల ఉండే ఇటాలియన్ పెట్టెలో ఆ విరామం దొరకదు.

తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే దేశీ ఈగ సెరానా సంగతి వేరు. వరోవా దాని మీదే పుట్టి పెరిగింది, అయినా దాన్ని చంపలేదు. సెరానాలో నల్లి ప్రధానంగా పోతుటీగ గదుల్లోనే పిల్లలు పెట్టగలదు, ఈగలు ఒకదాన్నొకటి శుభ్రం చేసుకుంటూ నల్లుల్ని దులిపేస్తాయి. దాన్ని కూల్చింది వైరస్. థాయ్ శాక్‌బ్రూడ్ అనే ఆ జబ్బులో పిల్లపురుగు ప్యూపాగా మారలేక, నీళ్లు నిండిన సంచిలా ఉబ్బి, తల పైకి లేచి పడవ ఆకారంలో గదిలోనే చనిపోతుంది. 1978లో మేఘాలయలో కనబడింది. 1990ల మొదట్లో కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో దేశీ పెట్టెల్ని ఊడ్చేసింది. కాబట్టి అరకు లోయ వలిసె పూల పక్కన సెరానా పెట్టె ఖాళీ అయితే వరోవాను వెతకడం కంటే ముందు పిల్లను తీసి చూడాలి.

పల్లపు నేలల్లో, పత్తి, మిరప, పొద్దుతిరుగుడు ఉన్న చోట, ప్రశ్న మళ్లీ మందు వైపు తిరుగుతుంది. అక్కడ పూలకు వచ్చే ఈగల్లో పెట్టెల్లోవి కొన్నే. చెట్లకు, వాటర్ ట్యాంకులకు, అపార్ట్‌మెంట్ల అంచులకు వేలాడే డోర్సాటా, పొదల్లోని చిన్న ఈగ ఫ్లోరియా ఎక్కువ. మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు చూసి రైతు ప్రమాదాన్ని అంచనా వేస్తాడు. ఆ రంగులు ఎలుకల మీద చేసిన విషపరీక్షల్ని బట్టి మనిషి జాగ్రత్త కోసం పెట్టినవి. తేనెటీగకు నానోగ్రాముల్లో ప్రాణం తీసే మందు కూడా నీలం త్రికోణంతో రావచ్చు.

పైనుంచి కొట్టే మందుకైతే వేళ తేడా చేస్తుంది. పొద్దుతిరుగుడు పూల మీద ఈగల రాక పొద్దున్న ఎక్కువ, సాయంత్రం కొడితే ఈగలు మళ్లీ వచ్చేలోపు మందు ఆరడానికి రాత్రంతా ఉంటుంది. పైరిథ్రాయిడ్ లాంటి తాకిడి మందులకు ఇది కొంత పనికొస్తుంది. విత్తనం నుంచే మొక్కలోకి పాకి మకరందంలోకి చేరిన మందుకు పొద్దున్న, సాయంత్రం తేడా లేదు.